ఫ్రెంచ్, జపనీస్ తీరిగ్గా నేర్చుకోవాలంటే ఏది వదిలేయొచ్చు, ఏది వదలకూడదు

అమెరికా విదేశాంగ శాఖకి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక ట్రైనింగ్ స్కూలుంది, వేరే దేశాలకి పంపే ఉద్యోగులకి అక్కడ భాషలు నేర్పుతారు. వాళ్ళ లెక్క ప్రకారం ఆఫీసు పనులు చక్కబెట్టుకునేంత ఫ్రెంచ్ రావడానికి 600 నుంచి 750 గంటల క్లాసు కావాలి, జపనీస్‌కైతే 2200 గంటలు. ఈ లెక్క చూసినవాళ్ళు వెంటనే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తారు. రోజుకి అరగంట చొప్పున ఫ్రెంచ్‌కి నాలుగేళ్ళు, జపనీస్‌కి పన్నెండేళ్ళు అని తేలుతుంది, దాంతో కొందరు అక్కడే చేతులెత్తేస్తారు, ఇంకొందరు పంతానికి పోయి రోజుకి నాలుగు గంటలని టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటించి రెండు వారాలకి దాన్ని చూడ్డమే మానేస్తారు.

అసలు ఆ లెక్క మన కోసం వేసింది కాదండి. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని జీతమిచ్చి కూర్చోబెట్టి వారానికి పాతిక గంటలు క్లాసు చెప్తే ఎన్నాళ్ళు పడుతుందో అది. ఇంటికెళ్ళి చదువుకునే గంటలు అదనం. విజయనగరంలో తెలుగు మాట్లాడుతూ పెరిగి, బడిలో ఇంగ్లీషు చదివి, పొద్దున్న డ్యూటీకి పోయి రాత్రి భోజనం అయ్యాక పుస్తకం తీసేవాడికి ఆ 600 ఉండదు, ఆ 2200 కూడా ఉండదు. ఎందుకుండదో చూస్తే తీరిగ్గా నేర్చుకోవడం అనే మాటకి కూడా సరైన అర్థం తెలుస్తుంది. రెండు భాషలూ రెండు వేరే చోట్ల మనల్ని ఇబ్బంది పెడతాయి, ఒకదానిలో చూసీ చూడనట్టు వదిలేయదగ్గ విషయం రెండోదాంట్లో అస్సలు వదలకూడనిది అవుతుంది. ఈ తేడా చూసుకోకుండా అంతా తేలిగ్గా తీసుకుందాం అనుకుంటే చివరికి ఏదీ రాదు, మొత్తం పట్టుకుందాం అనుకుంటే మనిషి అలిసిపోతాడు.

మన జిల్లాల్లో భాషలు తీరిగ్గా నేర్చుకోవడం కొత్తేమీ కాదు. ఇచ్ఛాపురం వైపు చూడండి, అటు ఒడిషా, ఇటు మనం, సంతలో బేరం సగం ఒడియాలో సగం తెలుగులో నడుస్తుంది, ఎవరూ ఏ క్లాసుకీ పోలేదు. శ్రీకాకుళం తీరం నుంచి వేటకని గుజరాత్ వెరావల్ పోయే మత్స్యకారులు కొన్నాళ్ళకి హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడేస్తారు. గిడుగు రామమూర్తి గారైతే, ఆయన పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, పర్లాకిమిడిలో బళ్ళో పంతులుగా ఉంటూ కొండల మీద సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు, ఏ పరీక్షా లేదు, గడువూ లేదు, సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం అచ్చయ్యేసరికి 1931, నిఘంటువు 1938. అంటే దశాబ్దాలు. కాకపోతే ఇక్కడ ఒకటి గమనించాలి, ఇచ్ఛాపురం వాడికి ఒడియా మాట్లాడేవాడు పక్క వీధిలోనే ఉన్నాడు, గిడుగు వారికి సవరలు ఎదురుగా ఉన్నారు. మనకి ఫ్రెంచ్ వాడేడీ? ఫ్రెంచ్ వాళ్ళు మన ఊళ్ళకి కొత్త కాదనుకోండి, 1757లో బుస్సీ విజయనగరం రాజుతో కలిసి ఫిరంగులేసుకుని బొబ్బిలి మీదకి వచ్చాడు, యానాంలో 1954 దాకా వాళ్ళ పాలనే, అయినా ఇప్పుడు విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ దగ్గర నిలబడి బోంజూర్ అంటే తిరిగి పలికేవాడు లేడు. ఇక జపనీస్ సంగతి చెప్పక్కర్లేదు.

అంచేత మనకి గడువు లేకపోయినా పరవాలేదు గానీ, రోజూ ఆ భాష చెవిలోనో కంట్లోనో పడేలా ఏర్పాటు మాత్రం మనమే చేసుకోవాలి. ఆదివారం కూర్చుని రెండు గంటలు బట్టీ పట్టేకంటే వారంలో ఐదు రోజులు పావుగంట చొప్పున చూడ్డం మేలు, ఇది ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన చిట్కా కాదు, ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంత మర్చిపోతున్నాడో తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు, విడతలు విడతలుగా చదివితే తక్కువ కష్టంతో ఎక్కువ నిలుస్తుందని అందులోనే తేల్చాడు. ఆయన చెప్పిన ఇంకో సంగతి మన తీరిక బ్యాచ్‌కి ఇంకా పనికొస్తుంది. పూర్తిగా మర్చిపోయాం అనుకున్నది మళ్ళీ నేర్చుకోడానికి మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు. అంటే పైడితల్లమ్మ సిరిమాను వారం అంతా చుట్టాలతో గడిపేసి పుస్తకం ముట్టకపోతే చదివిందంతా నీళ్ళపాలు అయిపోయినట్టేమీ కాదు.

అందుకే వరసగా ఎన్ని రోజులు చదివామో యాప్‌లు లెక్కపెట్టి చూపించే ఆ స్ట్రీక్ అంటే నాకు పడదు. రాత్రి పదకొండూ యాభైకి నిద్రకళ్ళతో నాలుగు బొమ్మలు నొక్కి నిప్పు గుర్తు నిలబెట్టుకుంటారు చూడండి, అందులో భాష లేదు, భయం ఉంది. అంకీ లాంటి కార్డుల యాప్ మంచిదే, మర్చిపోబోయే టైమ్‌కి మాటని మళ్ళీ ముందుకి తెస్తుంది, కానీ నాలుగు రోజులు తెరవకపోతే వందల కార్డులు గుట్టపడి కూర్చుంటాయి, ఆ గుట్ట చూసే జనం యాప్ తీసేస్తారు. అలా గుట్ట పడినప్పుడు కొత్త కార్డులు ఆపేసి, రోజుకి చేయగలిగినన్ని పాతవి చేసుకుంటూ పోతే అదే తరుగుతుంది. మొదట్నుంచీ రోజుకి ఐదు కొత్త కార్డులకి మించి పెట్టుకోకపోతే ఆ గుట్ట అంత పెద్దదీ అవదు. ఐదేనా అనిపిస్తుంది గానీ మధ్యలో కొన్ని రోజులు పోయినా ఏడాదికి వెయ్యి దాటుతాయి.

ఇప్పుడు జపనీస్ దగ్గరికొద్దాం, ఎందుకంటే అందరూ జడుసుకునేది దీనికే, నిజానికి సగం భయం ఇంగ్లీషు పుస్తకాల పుణ్యం. మా పిన్ని కూతురు నర్సింగ్ చేసింది, జపాన్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగాలకని జపనీస్ మొదలెట్టింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది, పార్టికల్, పోస్ట్‌పొజిషన్, కంజంక్టివ్ ఫారమ్ అని పేజీలకి పేజీలు, అది చదివి చదివి ఏడుపుమొహం పెట్టి కూర్చుంది. అందులో ఉన్న ఒక వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో రాసి కింద మాటకి మాట తెలుగు పెట్టాం.

వతషి వ కినోఓ తొమొదచి గ కురెత హొన్ ఒ యొన్దె మిత.
నేను, నిన్న, ఫ్రెండు, ఇచ్చిన, పుస్తకం, ని, చదివి, చూశాను.

"ఇదేటన్నయ్యా, మనం మాట్లాడినట్టే ఉంది" అంది. మాట్లాడినట్టే ఉంది మరి. వరస కూడా మార్చక్కర్లేదు. ఇదే ముక్క ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకం ముందుకొచ్చి, ఇచ్చిన ఫ్రెండు వెనక్కి పోయి, మధ్యలో అతికించడానికి ఒక మాట కావాలి. తెలుగులో అదేం లేదు, ఇచ్చిన పుస్తకం అంటే అయిపోయింది, జపనీస్‌లోనూ అంతే. చదివి చూడ్డం అంటే ఎలా ఉందో అని ప్రయత్నించడం, అది కూడా రెండు భాషల్లో చూడు అనే క్రియతోనే చెప్తారు. ఇంకా తమాషా ఏంటంటే, ఫ్రెండు నిన్న ఇచ్చాడా లేక నువ్వు నిన్న చదివావా అన్న డౌటు తెలుగు వాక్యంలో ఎలా మిగిలిపోయిందో జపనీస్ వాక్యంలో కూడా అలాగే మిగిలిపోయింది.

ఇలాంటివి చాలా ఉన్నాయి. కి అనే చోట ని, నుంచి అనే చోట కర, వరకు అనే చోట మదె, అన్నీ మనలాగే మాట వెనకాలే తగులుకుంటాయి. వస్తానని అన్నాడు అనడానికి కురు తొ ఇత్త, ఆ అని ఉన్న చోట తొ, అంతే. తిన్నావా అనడానికి తబెత అని ప్రశ్నలా పైకి లాగితే చాలు, నువ్వు అనే మాట వాళ్ళూ చెప్పరు, మనమూ చెప్పం. మనకి వచ్చాను, వచ్చాడు, వచ్చింది అని చివర్లు మారతాయి, వాళ్ళకి ఆ బాధ కూడా లేదు. గారు ఎలాగో సన్ అలాగ, మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, వాళ్ళూ సన్ తగిలించుకోరు. గబగబా, తళతళా అన్నట్టు జంట మాటలు వాళ్ళకీ కొల్లలు, కిరకిర అంటే తళతళే. ఇవన్నీ చూసి తెలుగూ జపనీసూ ఒకే తల్లి పిల్లలు అని ఫార్వర్డ్ చేసేయకండి. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని వాదించాడు గానీ భాషాశాస్త్రవేత్తలు ఎక్కువమంది ఒప్పుకోలేదు, కొరియన్, టర్కిష్ వాక్యాలు కూడా ఇలాగే క్రియతోనే ముగుస్తాయి. చుట్టరికం ఉన్నా లేకపోయినా నేర్చుకునేవాడికి లాభం లాభమే.

కాబట్టి జపనీస్‌లో గ్రామర్ టేబుళ్ళ విషయంలో తెలుగువాడు నింపాదిగా ఉండొచ్చు. పై వాక్యంలో వతషి వెనక వ, తొమొదచి వెనక గ ఉన్నాయి కదా, ఆ రెంటి మధ్య తేడా ఒకటి మాత్రం మనకి నేరుగా దొరకదు, అది చదివితే వచ్చేది కాదు, వినగా వినగా వస్తుంది, మొదట్లో తప్పు పెట్టినా పనైపోతుంది. వస్తువుని బట్టి లెక్కపెట్టే మాటలు మారడం, పొడుగువాటికి ఒకటి, పల్చటివాటికి ఒకటి, అవీ తర్వాత చూసుకోవచ్చు, ఒకటి, రెండు, మూడుకి హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అని పది దాకా వచ్చుంటే షాపులో బండి నడుస్తుంది. పెద్దమనుషుల దగ్గర వాడే గౌరవ భాష కూడా అంతే, వాక్యాన్ని దెస్, మస్ తో ముగిస్తే మర్యాదగానే ఉంటుంది.

నింపాది పనికిరానిది లిపి దగ్గర. శబ్దాన్ని రాసే కన అక్షరాలు రెండు రకాలు, హిరగన 46, కతకన 46, ఇవి చేత్తో రాసి రాసి రోజూ పెట్టుకుని తొందరగా వదిలించేసుకోవాలి, ఇంగ్లీషు అక్షరాల్లో జపనీస్ చదువుతూ నెలలు గడిపితే తర్వాత మానడం కష్టం. మొదట్లో ఊతం కావాలంటే ఇంగ్లీషు అక్షరాలకంటే తెలుగు అక్షరాలు నయం, ఇది ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే మామ్మ, దీర్ఘం ఒక్కటే తేడా, మనకి దీర్ఘం రాయడమూ వచ్చు, పలకడమూ వచ్చు. కితె అంటే వచ్చి, కిత్తె అంటే స్టాంపు, ఒత్తు ఒక్కటే తేడా. ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ విడివిడిగా ఉన్న లిపి మనది, ఇంగ్లీషులో టోక్యో అని మామూలుగా రాస్తే ఎక్కడ సాగదీయాలో తెలీదు, తోక్యో అని తెలుగులో రాస్తే రెండూ దీర్ఘాలని కనిపిస్తూనే ఉంటుంది. త్సు అనే శబ్దం కూడా చాప, చుక్క అనేటప్పుడు మన నోట్లో ఉన్నదే. అయితే ఇది ఊతమే, కన అక్షరాలు చదవడం రాగానే తెలుగు కూడా తీసేయాలి.

చైనా నుంచి వచ్చిన, ఒక్కోటి ఒక్కో అర్థాన్నిచ్చే కంజీ అక్షరాల సంగతి వేరు. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికని ఇచ్చిన లిస్టులో 2136 ఉన్నాయి, వాళ్ళ పిల్లలే ఏళ్ళ తరబడి బళ్ళో నేర్చుకుంటారు. ఇక్కడ సగం బరువు దించేయొచ్చు. గుర్తుపట్టడం నేర్చుకోండి, చేత్తో రాయడం వదిలేయండి. ఫోన్‌లో శబ్దం టైప్ చేస్తే అదే కంజీ చూపిస్తుంది, మనం ఎంచుకుంటే చాలు, జపనీస్ ఎంత వచ్చో చూసే జేఎల్‌పీటీ పరీక్షలో కూడా చేత్తో రాసేది ఉండదు. కంజీ ఒక్కోటి విడిగా బట్టీ పట్టకుండా మాటలతో పాటే వస్తుంటే చాలు, రోజుకి రెండైనా సరే, కానీ రోజూ.

ఫ్రెంచ్‌కి వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. అక్షరాలు తెలిసినవే, మాటలు సగం తెలిసినట్టే ఉంటాయి, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాటలు ఇంగ్లీషులోకి కుప్పలుగా వచ్చి పడ్డాయి కాబట్టి ఇంగ్లీషు పేపరు చదివేవాడికి ఫ్రెంచ్ పేపరు చూస్తే విషయం ఏంటో లీలగా తెలుస్తుంది. అదే మోసం. కంటికి తెలిసిన భాష చెవికి బొత్తిగా తెలీదు. నాకు తెలీదు అనడానికి పుస్తకంలో జ్ నె సే పా అని నాలుగు మాటలు ఉంటాయి, మామూలుగా మాట్లాడేవాడు షేపా అనేసి పోతాడు, నాలుగు మాటల కోసం వింటూ కూర్చున్నవాడికి ఏమీ దొరకదు. మొదట్లో కంటితో నేర్చుకున్నవాడు మూడేళ్ళ తర్వాత కూడా సినిమా చూస్తే సబ్‌టైటిల్స్ దాటి రాలేకపోవడానికి కారణం ఇదే.

జపనీస్‌కి సాయం చేసిన తెలుగు లిపి ఇక్కడ చెడగొడుతుంది. ఫ్రెంచ్‌లో పైన అనే మాటకీ కింద అనే మాటకీ తేడా ఒక్క అచ్చు, తెలుగులో రాస్తే రెండూ దసు అనే పడతాయి. కింద అనేదానిలో ఉన్నది మన ఊ లాంటిదే, పైన అనేదానిలో ఉన్నది మనకి లేదు, పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల నాలికతో ఈ అనాలి. అద్దం ముందు నిలబడి చేయాల్సిందే, ఇంట్లోవాళ్ళు నవ్వినా సరే. ముక్కుతో పలికే అచ్చులు కూడా అంతే, మన సున్న పెట్టేస్తే మాట మారిపోతుంది. గొంతులోంచి వచ్చే ర గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి, మన ర పెట్టినా అర్థమవుతుంది.

ఇలా చెవికి మొదట పని పెట్టిన తర్వాత ఫ్రెంచ్‌లో వదిలేయగలిగినవి బోలెడు. క్రియల టేబుళ్ళు చూసి జనం హడలిపోతారు, ఒక్కో క్రియకి ఆరు రూపాలు. టేబుల్‌లో ఆరే, కానీ పార్లె అంటే మాట్లాడ్డం, దానికి నేను, నువ్వు, అతను, వాళ్ళు అన్నీ నోటితో అంటే పార్ల్ అనే ఒకే శబ్దం, మేము అనడానికి మాటల్లో ఓఁ అనేదే ఎక్కువ వాడతారు, దానికీ పార్ల్. మీరు ఒక్కటే మారుతుంది. అంటే నోటికి రెండు రూపాలొస్తే సంభాషణ నడిచిపోతుంది. పాస్సే సాంప్ల్ అనే భూతకాలం కథల పుస్తకాల్లో తప్ప ఎవరూ మాట్లాడరు, దాన్ని చదివేటప్పుడు గుర్తుపడితే చాలు. టేబుల్ ఆడది, పుస్తకం మగది అనే గొడవ ఉంది కదా, మగదానికి ముందు ల, ఆడదానికి ముందు లా వస్తాయి, మాటని ఎప్పుడూ వాటితోనే కలిపి నేర్చుకోండి, తప్పైతే తప్పైంది, ఎదుటివాడికి అర్థం కాకుండా పోదు. అంకెల దగ్గర కాస్త ఓపిక కావాలి, 97 అనడానికి నాలుగు ఇరవైలు, పది, ఏడు అంటారు, బెల్జియంలోనూ స్విట్జర్లాండ్‌లోనూ 70కీ 90కీ విడిగా మాటలున్నాయి గానీ ఫ్రాన్స్‌లో బేరమాడాలంటే ఈ లెక్క తప్పదు.

వినడానికి డబ్బులు ఖర్చు పెట్టక్కర్లేదు. ఆర్ఎఫ్ఐ అనే ఫ్రెంచ్ రేడియోవాళ్ళు సులువు ఫ్రెంచ్‌లో రోజూ పది నిమిషాల వార్తలు ఇస్తారు, చదివేదంతా రాతలో కూడా ఉంటుంది, ముందు విని తర్వాత చూడండి, తిరగేసి చేస్తే పనిచేయదు. జపనీస్‌కి ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో ఈజీ జపనీస్ పాఠాలు హిందీలో కూడా ఉన్నాయి, జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి పుస్తకాలు ఆడియోతో సహా ఫ్రీ. అనిమే చూస్తే జపనీస్ వచ్చేస్తుంది అంటారు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే వచ్చేది ఇంగ్లీషు.

రెండూ ఒకేసారి మొదలెట్టొచ్చా అంటే, మొదలెట్టొచ్చు గానీ రెండూ మొదటి మెట్టు మీదే ఉండకూడదు. ఫ్రెంచ్, స్పానిష్ కలిపి నేర్చుకునేవాడికి ఉన్నంత గందరగోళం ఫ్రెంచ్, జపనీస్ వాడికి ఉండదు, మాటలు ఎక్కడా పోలవు. అయినా అవును అనడానికి ఫ్రెంచ్ ఉయ్ రావాల్సిన చోట జపనీస్ హై అని వచ్చేస్తుంటుంది, బుర్ర పరాయి భాష అనగానే చేతికందింది తీసి ఇచ్చేస్తుంది, కంగారు పడక్కర్లేదు, దానంతటదే సర్దుకుంటుంది. నాకు తోచింది ఏంటంటే ఒక భాషని ముందు పెట్టి, రెండోదాన్ని వినడం వరకే ఉంచి, కొన్ని నెలలకి తిరగేయడం. జపనీస్ లిపికి రోజూ కూర్చోవాలి కాబట్టి అది పొద్దున్న టేబుల్ దగ్గర, ఫ్రెంచ్‌కి చెవి చాలు కాబట్టి అది శ్రీకాకుళం బస్సులో హెడ్‌ఫోన్స్‌తో, ఇలాగ చోటు మార్చితే కలగాపులగం తగ్గుతుంది కూడా.

ఇదంతా సరదాకి నేర్చుకునేవాళ్ళకి. వీసా కోసం నేర్చుకునేవాళ్ళు, మా పిన్ని కూతురు లాంటి వాళ్ళు, ఈ తీరిక మాటలు సగమే తీసుకోవాలి. జపాన్ 2019 ఏప్రిల్‌లో పెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి ఎక్కువ పనులకి జేఎల్‌పీటీలో ఎన్4 లెవెల్ గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష గానీ పాసవ్వాలి, ముసలివాళ్ళని చూసుకునే పనికైతే ఆ పనికి సంబంధించిన జపనీస్ పరీక్ష ఇంకోటి ఉంటుంది. జేఎల్‌పీటీ జూలైలో, డిసెంబర్‌లో జరుగుతుంది, ఒకటి తప్పితే ఆరు నెలలు ఆగాలి, అంచేత అప్లికేషన్ డేటు క్యాలెండర్‌లో రాసుకుని వెనక్కి లెక్కపెట్టుకోవడమే. దాంట్లో మాట్లాడే పరీక్ష లేదు కాబట్టి పాసైనవాళ్ళందరికీ మాట్లాడ్డం వస్తుందని కాదు, ఆ భాగం విడిగా చూసుకోవాలి. కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే అక్కడ స్థిరపడేవాళ్ళని ఎంచుకునే పద్ధతిలో, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని విడిగా పిలుస్తోంది, దానికి వినడం, చదవడం, రాయడం, మాట్లాడ్డం నాలుగింటిలోనూ కెనడా వాళ్ళ కొలతలో ఏడో లెవెల్ ఉండాలి, ఒక్కదాంట్లో తగ్గినా కుదరదు, అది యూరప్ కొలతలో ఇంచుమించు బీ2. ఇక్కడ ల, లా తప్పైతే తప్పైంది అనుకోడానికి లేదు, రాతలో మార్కులు పోతాయి. ఫ్రాన్స్ వాళ్ళ డెల్ఫ్ పరీక్ష సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది గానీ కెనడా అడిగేది డెల్ఫ్ కాదు, టెఫ్ గానీ టీసీఎఫ్ గానీ అనే వేరే పరీక్షలు, వాటి స్కోరు రెండేళ్ళే పనిచేస్తుంది, ముందే రాసేసి దాచుకుంటే అప్లై చేసే టైమ్‌కి మళ్ళీ ఫీజు కట్టాల్సొస్తుంది.